పన్ను తీయించుకోబోతున్నారా? ముందు రోజు నుంచి గుంత పూడే దాకా

పన్ను తీయించుకోవాలి అనగానే అందరి భయమూ ఆ కుర్చీ మీదే ఉంటుంది. సూది, పట్టకారు, ఎముక విరుగుతున్నట్టు ఆ చప్పుడు. నేను ఇప్పటికి రెండు దవడ పళ్ళు తీయించుకున్నాను. రెండోది మూడు ముక్కలుగా వచ్చింది. ఆ రెండుసార్లలో తెలిసొచ్చింది ఏమిటంటే, కుర్చీలో గడిచే అరగంట సంగతి డాక్టరు చూసుకుంటారు. మనం చెడగొట్టుకునేది దానికి ముందూ తర్వాతానే. వెళ్ళే ముందు చెప్పాల్సిన విషయాలు చెప్పం, వచ్చాక గుంతలో కట్టిన రక్తపు గడ్డను కాపాడుకోం. అందుకే కుర్చీ గురించి కొంచెం, మిగతా వాటి గురించి ఎక్కువ రాస్తున్నాను.

## తీయక తప్పదా?

డాక్టరు ‘తీసేద్దాం’ అన్నప్పుడు ‘రూట్ కెనాల్ చేసి నిలబెట్టుకోలేమా?’ అని ఒక్కసారి అడగండి. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. పుచ్చు లోతుగా పోయినా, చిగురుకు పైన గట్టి భాగం మిగిలి, వేరు చుట్టూ ఎముక బాగుంటే పన్ను చాలాసార్లు నిలుస్తుంది. వేరు నిలువునా చీలినా, పుచ్చు చిగురు కిందికి బాగా దిగిపోయినా, చిగుళ్ళ జబ్బుతో ఎముక కరిగి పన్ను ఊగిపోతున్నా ఇక తీయడమే మార్గం. అడ్డంగా పడుకుని పక్క పన్నును నెడుతూ, మాటిమాటికీ వాచే జ్ఞానదంతమూ అంతే. క్లిప్పులు వేయించుకునేవాళ్ళకు చోటు కోసం ఆరోగ్యంగా ఉన్న పళ్ళు తీయడం వేరే లెక్క.

ఒక్క మోసంలో మాత్రం పడకండి. రెండు వారాలు నిద్ర లేకుండా చేసిన పన్ను ఒక రోజు ఉన్నట్టుండి నొప్పి మానేస్తుంది. తగ్గిపోయింది కదా అని అపాయింట్‌మెంట్ వాయిదా వేస్తాం. చాలాసార్లు అది తగ్గడం కాదు, లోపలి నరం చచ్చిపోవడం. ఇన్ఫెక్షన్ వేరు కొన దగ్గర అలాగే ఉండి, కొన్నాళ్ళకు చీము గడ్డగా బయటపడుతుంది. యాంటీబయాటిక్ వేసుకుంటే వాపు తగ్గుతుందేమో గానీ, పంటి లోపల మూలం అలాగే ఉంటుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

తీసే ముందు ఎక్స్‌రే తప్పనిసరి. వేర్లు ఎన్ని, తిన్నగా ఉన్నాయా, కొక్కెంలా వంగాయా అన్నది అందులోనే తెలుస్తుంది. కింది జ్ఞానదంతం వేర్లు పెదవికి స్పర్శనిచ్చే నరానికి దగ్గరగా ఉంటాయి. మరీ ఆనుకుని కనిపిస్తే త్రీడీ స్కాన్ అడుగుతారు. డబ్బు గుంజడానికి అనుకోకండి, ఆ దూరం తెలియకుండా చెయ్యి పెట్టడమే ప్రమాదం.

## చెప్పాల్సినవన్నీ చెప్పండి

ఫారంలో ‘ఇతర జబ్బులు, మందులు’ అన్న చోట చాలామంది ఒక గీత గీసి ఊరుకుంటారు. పంటికీ గుండెకీ ఏం సంబంధం అనుకుంటారు. ఉంది. మీరు వాడే మందుల స్ట్రిప్పులన్నీ టేబుల్ మీద పరిచి ఫోన్‌లో ఒక ఫొటో తీసుకుని వెళ్ళండి. పేర్లు గుర్తుపెట్టుకోవడం కన్నా అదే నయం.

మొదటిది, రక్తం పలచబడే మందులు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి. వీటిలో రెండు రకాల తప్పులు జరుగుతాయి. కొందరు వాడుతున్నట్టు చెప్పరు. కొందరు అతి తెలివికి పోయి, రక్తం ఎక్కువ పోతుందేమో అని తమంతట తామే నాలుగు రోజుల ముందు ఆపేస్తారు. రెండోదే ఎక్కువ ప్రమాదం. గుంతలో కారే రక్తాన్ని నొక్కి, కుట్టు వేసి ఆపవచ్చు. గుండె రక్తనాళంలో వేసిన స్టెంట్‌లో గడ్డ కడితే అలా కుదరదు. ఒకటి రెండు పళ్ళకైతే ఈ మందులు సాధారణంగా ఆపకుండానే పని కానిస్తారు. వార్ఫరిన్ వాడేవాళ్ళకు మాత్రం ముందు రక్తం గడ్డకట్టే వేగం చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష చూస్తారు. ఆపాలా వద్దా అన్నది ఆ మందు రాసిన డాక్టరూ, పళ్ళ డాక్టరూ కలిసి తేల్చాల్సిన విషయం.

రెండోది ఎవరికీ గుర్తురానిది, ఎముకలు గట్టిపడటానికి వాడే మందులు. అలెండ్రొనేట్ మాత్రలు, జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ ఇంజెక్షన్లు. ఇవి వాడినవాళ్ళలో కొందరికి పన్ను తీసిన చోట దవడ ఎముక మానదు. కేన్సర్ చికిత్సలో భాగంగా పెద్ద మోతాదులో తీసుకున్నవాళ్ళకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి వేయించుకునే ఇంజెక్షన్ కాబట్టి ‘రోజూ ఏమైనా వాడతారా?’ అని అడిగితే లేదనే అంటాం. ఇంట్లో పెద్దవాళ్ళను తీసుకెళ్తుంటే ఈ ప్రశ్న మీరే గుర్తుచేయండి. మెడకూ దవడకూ రేడియేషన్ తీసుకుని ఉంటే, ఎన్నేళ్ళయినా సరే, అదీ చెప్పాలి.

గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవాళ్ళకు, గతంలో గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ళకు పన్ను తీయడానికి గంట ముందు యాంటీబయాటిక్ ఒక డోసు ఇస్తారు. పెన్సిలిన్ పడకపోతే వేరేది ఉంటుంది, కానీ పడదని మీరు చెబితేనే కదా. షుగర్, బీపీ ఉంటే ఆ రోజు మాత్రలు మీ అంతట మీరే మానకండి. గర్భంతో ఉంటే అత్యవసరం కానివి ప్రసవం తర్వాతకి వాయిదా వేయవచ్చు. తప్పనిసరైతే నాలుగు నుంచి ఆరో నెల వరకు అనువైన కాలం.

## అపాయింట్‌మెంట్ ఉదయమే తీసుకోండి

సాయంత్రం ఏడింటికి పన్ను తీయించుకుంటే, రాత్రి పదకొండుకు రక్తం ఆగకపోతే ఎవరికి ఫోన్ చేస్తారు? ఉదయం పూటైతే ఆ మొదటి గంటలు గడిచేసరికి క్లినిక్ ఇంకా తెరిచే ఉంటుంది. మర్నాడు సెలవు దినం కాకుండా చూసుకుంటే మరీ మంచిది.

మత్తు పన్ను చుట్టూ మాత్రమే ఇచ్చేటట్లయితే కడుపు నిండా తిని వెళ్ళండి. ఖాళీ కడుపు, టెన్షన్, సూది మూడూ కలిస్తే కళ్ళు తిరగడం ఖాయం. పైగా తర్వాత కొన్ని గంటలు తినడానికి వీలుపడదు. పూర్తిగా నిద్రపుచ్చి చేస్తామంటే మాత్రం లెక్క తారుమారు. సాధారణంగా ఆరు గంటల ముందు నుంచి ఆహారం, రెండు గంటల ముందు నుంచి నీళ్ళు కూడా బంద్. తోడుగా ఒక మనిషి ఉండాల్సిందే.

వెళ్ళే ముందు పళ్ళు శుభ్రంగా తోముకోండి. ఫ్రిజ్‌లో ఐసు సిద్ధంగా పెట్టుకోండి. మందులు తిరిగొచ్చేటప్పుడు కొనుక్కుందాం అనుకోవద్దు. నోట్లో గాజ్ గుడ్డ (రక్తం ఆపడానికి పెట్టే పలచటి బట్ట) కరుచుకుని మెడికల్ షాపులో ‘ఊఁ ఊఁ’ అంటూ చీటీ చూపించే అవస్థ నేను పడ్డాను.

## కుర్చీలో ఏం జరుగుతుంది

ముందు చిగురు మీద జెల్ రాస్తారు. రెండు మూడు నిమిషాలకు పైపొర మొద్దుబారుతుంది. తర్వాత సూది. పై పళ్ళకు పన్ను పక్కనే ఇస్తారు. అంగిలి వైపు ఇచ్చేది మాత్రం చురుక్కుమంటుంది, అక్కడ చర్మం ఎముకకు అతుక్కుని ఉండటంతో మందు పోవడానికి చోటుండదు. కింది దవడ పళ్ళకు నోటి వెనక భాగంలో నరం దగ్గర ఇస్తారు, అందుకే సగం పెదవి, నాలుకలో ఒక పక్క కూడా తిమ్మిరెక్కుతాయి. పెదవి వాచి వేలాడుతున్నట్టు అనిపిస్తుంది, అద్దంలో చూస్తే మామూలుగానే ఉంటుంది. సూది వేసిన నిమిషంలో గుండె దడదడలాడితే కంగారుపడకండి. మత్తు ఎక్కువసేపు నిలవడానికి అందులో కొంచెం ఎడ్రినలిన్ కలుపుతారు, దాని ప్రభావం కాసేపట్లో దిగిపోతుంది.

మత్తుమందు చరిత్ర చాలావరకు పళ్ళ డాక్టర్ల పుణ్యమే. 1844లో అమెరికాలో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు పీల్చి తన పన్నే తీయించుకుని చూశాడు. 1846లో మత్తుమందుగా ఈథర్‌ను అందరి ముందూ వాడి చూపించిన విలియం మోర్టన్ కూడా దంతవైద్యుడే. ఇప్పుడు మనకు వేసే లిడొకెయిన్‌ను 1943లో స్వీడన్‌లో తయారుచేశారు. అంతకుముందు తరాల వాళ్ళు పంటికి ఎందుకంత భయపడ్డారో అర్థమవుతుంది.

మత్తెక్కిందో లేదో డాక్టరు మొనదేలిన పరికరంతో పొడిచి చూస్తారు. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒకటుంది. మత్తు నొప్పిని ఆపుతుంది, ఒత్తిడిని ఆపదు. తోస్తున్నట్టు, ఊపుతున్నట్టు, దవడ మొత్తం లాగుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది. అది చూసి మత్తు పనిచేయలేదని చాలామంది హడలిపోతారు. సూటిగా పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం ఓర్చుకోకండి. నొప్పి వస్తే సైగ చేస్తానని డాక్టరుతో ముందే అనుకుని, ఎడమ చెయ్యి ఎత్తండి, ఇంకొంచెం మందు ఇస్తారు. బాగా వాచి చీము పట్టిన చోట మత్తు సరిగ్గా ఎక్కదు, అందుకే కొన్నిసార్లు ముందు చీము తీసి, తర్వాత పన్ను తీస్తారు.

పన్నును ‘పీకడం’ అంటాం గానీ, లాగడం అందులో చివరి పని. ముందు చిగురును పంటి నుంచి విడదీస్తారు. స్క్రూడ్రైవర్ లాంటి సన్నటి ఎలివేటర్‌ను పన్నుకూ ఎముకకూ మధ్య దూర్చి మెల్లగా తిప్పుతారు. పన్నును పట్టి ఉంచే సన్నని నార తెగుతుంది, ఎముక కొద్దిగా వెడల్పవుతుంది. ఆ తర్వాతే పట్టకారుతో అటూ ఇటూ ఊపుతారు. తడి నేలలోంచి గుంజను ఊపి ఊపి తీసినట్టన్నమాట. పటుక్కుమన్న చప్పుడు పుర్రెలో మోగుతుంది, చెవికి దగ్గర కాబట్టి అంత పెద్దగా వినిపిస్తుంది.

నా రెండో పన్ను పై దవడది. మూడు వేర్లు మూడు దిక్కులకు కాళ్ళు చాపుకుని ఉన్నాయి. పది నిమిషాలు ఊపి చూశాక డాక్టరు గారు ఆగి, నీళ్ళు చిమ్ముతూ డ్రిల్‌తో పన్నును మూడుగా కోశారు. ఒక్కో ముక్కా తీసి ట్రేలో పెట్టి, మూడు వేర్ల కొనలూ పూర్తిగా వచ్చాయో లేదో లైటు కింద తిప్పి చూశారు. పన్ను విరిగిందనగానే డాక్టరుకు చేతకాలేదని అనుకుంటాం. మొండిగా లాగి ఎముక విరగ్గొట్టడం కన్నా, కోసి తీయడమే చేతనైన పని.

పై పన్ను తీస్తే చూపు పోతుందన్న భయం ఇంకా చాలామందిలో ఉంది. పంటి నొప్పిని మోసే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. పన్ను తీస్తే చూపు తగ్గదు.

## మొదటి రోజు: గడ్డే ప్రాణం

పన్ను వచ్చాక మిగిలిన గుంతలో రక్తం నిండి గడ్డ కడుతుంది. ఆ గడ్డే అక్కడి ఎముకకు కప్పు, కొత్త కండ పుట్టడానికి పునాది. ఇక మీరు చేసేవన్నీ దాని కోసమే.

గాజ్ గుడ్డ పెట్టి కరవమంటారు. అరగంట నుంచి ముప్పావు గంట గట్టిగా, ఆపకుండా కరవండి. ఆగిందా లేదా అని ఐదు నిమిషాలకోసారి తీసి చూడటమే రక్తం ఆగకపోవడానికి మొదటి కారణం. తీసిన ప్రతిసారీ కట్టబోతున్న గడ్డ దానికి అంటుకుని వచ్చేస్తుంది.

ఆ రోజంతా పుక్కిలించకండి, ఉమ్మకండి. నోట్లో చేరిన లాలాజలం మింగేయండి. స్ట్రాతో ఏదీ పీల్చవద్దు. ఉమ్మినా, పీల్చినా నోట్లో పుట్టే లాగుడుకు గడ్డ ఊడిపోతుంది. సిగరెట్‌కు కనీసం మూడు రోజులు దూరంగా ఉండండి, అందులో లాగుడూ ఉంది, రక్తప్రసరణను తగ్గించే నికోటినూ ఉంది. మద్యం కూడా వద్దు. వేడివి, గట్టివి, కారంగా ఉండేవి పక్కనపెట్టి, మెత్తగా చల్లగా ఉన్నవి రెండో పక్కన నమలండి. తిమ్మిరి వదిలేదాకా అసలు నమలకపోవడమే మేలు. పెదవి కొరుక్కున్నా తెలియదు. పిల్లలైతే సరదాగా కొరుక్కుని మర్నాటికి పెద్ద పుండు చేసుకుంటారు, కనిపెట్టి ఉండండి.

నొప్పి మాత్ర మత్తు దిగకముందే వేసుకోండి. మొదలయ్యాక తరుముకుంటూ పోవడం కష్టం. ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ కలిపి ఇస్తే ఈ నొప్పికి బాగా పనిచేస్తాయి. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు, ఇలాంటి మాత్రలతో ఆస్తమా పెరిగేవాళ్ళు ఐబుప్రొఫెన్ జోలికి పోకూడదు. నొప్పికని కొత్తగా ఆస్పిరిన్ వేసుకోవద్దు, రక్తం ఆగదు. మాత్రను చిగురు మీద నొక్కి పెట్టుకోవడం మరీ ప్రమాదం, చర్మం కాలుతుంది.

ఐసును గుడ్డలో చుట్టి బుగ్గ మీద పావుగంట పెట్టడం, పావుగంట తీయడం. రాత్రి తల కింద ఇంకో దిండు వేసుకోండి. పొద్దున దిండు మీద ఎర్రటి మరక చూసి భయపడకండి, రెండు చుక్కల రక్తం లాలాజలంలో కలిస్తే నోరంతా రక్తంలా కనిపిస్తుంది. నోరు నిండేటట్టు తాజా రక్తం వస్తుంటే నిటారుగా కూర్చుని, తడిపిన శుభ్రమైన గాజ్ గుడ్డ మడిచి గుంత మీద అరగంట ఆపకుండా కరవండి. అప్పటికీ ఆగకపోతే ఫోన్ చేయాల్సిందే.

## రెండో రోజు నుంచి

ఇరవై నాలుగు గంటలు దాటాక గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు కలిపి, తిన్న ప్రతిసారీ నోట్లో అటూ ఇటూ వంచి వదిలేయండి. గలగలా పుక్కిలించనక్కర్లేదు. మిగతా పళ్ళు మామూలుగా తోముకోండి. వాపు రెండో మూడో రోజున ఎక్కువగా ఉండి, ఆ తర్వాత దిగుతుంది. ‘నిన్నటికన్నా ఇవాళ వాచింది’ అని రెండో రోజే కంగారు పడనక్కర్లేదు.

గుంతలో తెల్లగా, పసుపుగా పొర కనిపిస్తే చీము అనుకుని గీకేసేవాళ్ళున్నారు. దాన్ని ముట్టుకోకండి, మానుతున్న గుర్తు అది. అసలు చిక్కు నాలుకతోనే. ఎంత వద్దన్నా అది వెళ్ళి ఆ గుంతనే తడుముతుంది. నాలుకకు ఆ ఖాళీ బావంత కనిపిస్తుంది, అద్దంలో చూస్తే చిన్న గుంత.

పై దవడ పన్ను తీశాక నీళ్ళు తాగితే ముక్కులోంచి వస్తున్నాయంటే, వేరు పైనున్న గాలి గది, అంటే సైనస్‌కు దారి పడిందన్నమాట. ముక్కు చీదకుండా వెంటనే డాక్టరుకు చెప్పండి. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి.

## నొప్పి తగ్గి మళ్ళీ పెరిగితే

మామూలు నొప్పి రోజురోజుకీ తగ్గాలి. రెండు రోజులు బాగానే ఉండి, మూడో నాలుగో రోజున చెవి దాకా లాగుతూ, మాత్రలకు లొంగకుండా, నోటి దుర్వాసనతో నొప్పి మొదలైతే అది డ్రై సాకెట్. గడ్డ ఊడిపోయి ఎముక బయటపడిందన్నమాట. సిగరెట్ తాగేవాళ్ళలో, కింది జ్ఞానదంతం తీయించుకున్నవాళ్ళలో ఎక్కువగా వస్తుంది. ప్రాణం తీసేంత నొప్పే గానీ ప్రాణాపాయం కాదు. ఇంట్లో లవంగ నూనె పోసుకుంటూ కూర్చోకండి. క్లినిక్‌లో గుంతను కడిగి మందు గుడ్డ పెడితే కాసేపట్లోనే ప్రాణం లేచొస్తుంది.

వీటికి మాత్రం ఆలస్యం చేయకూడదు. జ్వరంతో పాటు వాపు మూడు రోజుల తర్వాత కూడా పెరగడం, నోరు తెరవలేకపోవడం, మర్నాటికి కూడా పెదవికో నాలుకకో తిమ్మిరి వదలకపోవడం. ఇవి ఉంటే ఆ రోజే డాక్టరును కలవండి. వాపు గడ్డం కిందికీ మెడకూ దిగి, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే పళ్ళ క్లినిక్ కాదు, నేరుగా ఎమర్జెన్సీకే.

## ఖాళీ సంగతి

కరిగే కుట్లయితే వాటంతట అవే పోతాయి. లేకపోతే వారానికి వెళ్ళి తీయించుకోవాలి. చిగురు రెండు మూడు వారాల్లో మూసుకుంటుంది. లోపల ఎముక నిండటానికి నెలలు పడుతుంది.

జ్ఞానదంతం తీయిస్తే ఆ చోట మళ్ళీ ఏమీ పెట్టించుకోనక్కర్లేదు. నమిలే పన్ను అయితే అలా వదిలేయకండి. ఏళ్ళు గడిచేకొద్దీ పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, ఎదురు పన్ను జారి వస్తుంది. ఎముకలో స్క్రూ దింపి దాని మీద పన్ను కట్టే ఇంప్లాంట్, పక్క పళ్ళ ఆధారంగా కట్టే బ్రిడ్జి, తీసి పెట్టుకునే పన్ను అని మూడు దారులున్నాయి. బ్రిడ్జి కోసం పక్క పళ్ళను అరగదీయాలి, ఇంప్లాంట్‌కు ఎముక కావాలి. తీసిన చోట ఎముక కాలంతో పాటు సన్నబడుతుంది కాబట్టి, ఇంప్లాంట్ ఆలోచన ఉంటే పన్ను తీయకముందే డాక్టరుతో అనండి. కొన్నిసార్లు అదే రోజు గుంతలో ఎముక పొడి నింపి చోటు కాపాడతారు. నేను మొదటి పన్నుకు అడగలేదు, రెండేళ్ళ తర్వాత వెళ్తే ఎదురు పన్ను అప్పటికే కిందికి దిగి కూర్చుంది.